పది నిమిషాల ఆలస్యం

“ట్రాఫిక్‌లో ఇరుక్కుపోనాను సార్, పది నిమిషాలాగండి!” కామేష్ ఆటోలోంచి మునిసిపల్ గుమాస్తాను ఫోన్‌లో బతిమాలుతున్నాడు.

టౌన్ బస్సులు నడిపేందుకు కొట్ల మీద వేయబోయే పన్ను వద్దంటూ విజయనగరం వర్తకుల సంఘం రాసిన అర్జీ ఐదింటిలోపు అందాలి. ముందు లారీ, వెనక బళ్లు. దిగి పరిగెత్తడానికీ సందు లేదు.

అవతలివాడు ఒకే ఒక్క మాట అనేసి ఫోన్ పెట్టేశాడు.

“టైమంటే టైమేనన్నారా బాబూ?” అర్జీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అనూరాధ నెమ్మదిగా అడిగింది. కామేష్ బట్టల కొట్టులో సేల్స్‌గర్ల్ ఆమె.

“నీకెలాగ ఇనబడిందే?”

“ఇనబడ్లేదు. పొద్దున్న తమరన్నదే కదా. పది నిమిషాలు లేటైపోనాను, బస్సు లేదు, షేరాటో నిండేదాకా కదల్లేదని సెప్తే ఆఫ్‌డే జీతం కోసీసినారు.”

కామేష్ అర్జీ వైపు చూశాడు. అన్నిటికంటే పైన తన సంతకమే ఉంది.

ఆటో కదల్లేదు.