గొలుసులో కొడుకు

"ఇంకెంత దూరంలో ఉన్నారు?" అనడిగాడు ఫియాక్రా రాజు.

"వాగు దాటేశారు దొరా. ఆరు తెగల పెద్దలూ వస్తున్నారు. వెనక బల్లేలు పట్టినవాళ్ళు నలభైమంది ఉంటారు. అందరికన్నా ముందు మురెదాక్ గుర్రం." కోట వ్యవహారాలు చూసే ఫెలాన్ మట్టిగోడ మీంచి దిగుతూ చెప్పాడు.

చేతిలో బందీ లేనివాణ్ణి ఐర్లండులో ఎవరూ రాజుగా లెక్కచెయ్యరు. ఫియాక్రాకి ఉన్న బందీ ఒక్కడే, ఆరు తెగల్లోకెల్లా బలమైన తెగకి పెద్ద అయిన మురెదాక్ కొడుకు ఎర్నాన్. ఏడేళ్ల క్రితం, కుర్రాడికి పదమూడేళ్లప్పుడు, ఎదురు తిరగనన్న మాటకి పూచీగా మురెదాకే తెచ్చి అప్పగించాడు. ఆ ఒక్కడి కాలికి గొలుసు వేసి, ఎవరి కంటా పడనివ్వకుండా, ప్రతి విందులోనూ గొలుసు చప్పుడు మాత్రం వినిపించేలా తెర వెనక కూర్చోబెట్టి, ఫియాక్రా ఒక్క యుద్ధం కూడా చెయ్యకుండా ఆరు తెగల చేతా దండాలు పెట్టించుకున్నాడు. పూటకో గిన్నెడు బార్లీ జావకి అంతకంటే గిట్టుబాటు బేరం ఏ రాజుకీ దొరకదు.

ఐదు రోజుల క్రితం ఎర్నాన్ జ్వరంతో చచ్చిపోయాడు.

రాజూ ఫెలానూ కలిసి శవాన్ని పశువుల దొడ్డి వెనక పూడ్చారు. మూడో కంటికి తెలియదనే అనుకున్నారు. అయినా పుకారు పుట్టింది. బందీ పోయాడంటే ఫియాక్రా ఇక రాజు కాడు. పైగా చేతిలో పెట్టిన బిడ్డని చంపుకున్నవాడు. ఆ తప్పుకి ఈ కోటలో ఒక్క గడ్డిపోచ కూడా మిగల్చరు.

సావడిలో, గోడవార, చచ్చినవాడి కంబళి కప్పుకుని, చచ్చినవాడి గొలుసు కాలికి తగిలించుకుని లోకాన్ కూర్చున్నాడు. దుప్పి కొమ్ములతో దువ్వెనలు చేసి అమ్ముకునే దేశదిమ్మరి. ఈడూ అదే, ఎర్రజుట్టూ అదే. రాజు బేరమాడింది ఆ రెండింటికే.

"వణక్కురా. దువ్వెనలు చేసేటప్పుడు కూడా ఇలాగే వణుకుతావా?"

"దువ్వెనలు నా తల తియ్యవు కదా దొరా."

"నోరు మూసుకుని కూర్చుంటే పొలమూ, పన్నెండు పాడి ఆవులూ. నోరు జారితే ముందు నీ తల, ఆ తర్వాత నా తల."

"రెండోదాని సంగతి నాకెందుకు దొరా, మొదటిదానికే హడలి చస్తున్నా. కన్నతండ్రి గుర్తుపట్టడా?"

"పదమూడేళ్లవాడికీ ఇరవయ్యేళ్లవాడికీ పోలికేముంటుందిరా? ఆయన ఏమడిగినా ఏడువు. ఇన్నేళ్లకి తండ్రిని చూసినవాడు ఏడిస్తే తప్పుపట్టేవాడెవడూ లేడు."

బయట గుర్రాల చప్పుడు ఆగింది. ముందుగా లోపలికి వచ్చినవాడు గోర్మన్, పెద్దల్లోకెల్లా ముసలివాడు, నోటి దురుసు మనిషి.

"ఏమయ్యా ఫియాక్రా, బందీ ఉన్నాడా, బందీ దయ్యం ఉందా?"

"ఉన్నాడు. నీకంటే ఎక్కువే తింటున్నాడు. చూసుకో."

"నేను చూస్తే ఏం లాభం?" గోర్మన్ తన వెనకే వచ్చినవాడి వైపు తిరిగాడు. " నీ రక్తం నీకే తెలియాలి మురెదాక్. వెళ్ళు. వీడు కాదని ఒక్క మాట అను, మిగతాది మేం చూసుకుంటాం."

బల్లేలవాళ్ళు గోడల వెంట సర్దుకున్నారు. ఫియాక్రా మనసులోనే లెక్క వేశాడు. వాళ్ళు నలభై, తనవాళ్ళు పద్దెనిమిది. తలుపు దగ్గర తనవాడొక్కడూ లేడు. మొలలో కత్తి ఉంది గానీ, అది ఒక్క మనిషికే సరిపోతుంది.

మురెదాక్ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట. కోపం అణుచుకుంటున్నాడనుకున్నాడు ఫియాక్రా. లోకాన్ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు మురెదాక్. చూశాడు. చాలాసేపు చూశాడు. దొడ్లో ఎక్కడో ఆవు అరిచింది. లోకాన్ ఏడుపు మొదలెట్టాడు, అది నటన కాదు.

"ఏమంటావ్?" గోర్మన్ గద్దించాడు.

ఫియాక్రా చెయ్యి కత్తి పిడి మీదికి జరిగింది.

"వీడి ముక్కు..." మురెదాక్ ఇంకాస్త దగ్గరికి వంగాడు. "అచ్చం వాళ్ళమ్మ ముక్కు. ఒరే ఎర్నాన్! ఎంత ఎదిగిపోయావురా!"

ఆ కుర్రాణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. చూస్తున్న బల్లేలవాళ్ళలో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు.

గోర్మన్ నేల మీద ఉమ్మేశాడు. "కన్నవాడే చెప్పాక ఇంకేముంది!" అంటూ మోకాలు వంచాడు. అతని వెనకే ఒక్కొక్కరూ వంగారు. మురెదాక్ మాత్రం విందుకి కూడా ఆగలేదు. ఇంకాసేపుంటే కొడుకుని వదిలి వెళ్ళలేనని చెప్పి గుర్రం ఎక్కేశాడు.

పెద్దలంతా సారా జాడీల వైపు కదిలాక ఫియాక్రా లోకాన్ పక్కన చతికిలబడ్డాడు. నవ్వు ఆగడం లేదు.

"భలే ఏడ్చావురా! పన్నెండు కాదు, పదిహేను ఆవులు తోలుకుపో. పాపం, పిచ్చి తండ్రి. చెవిలో ఏమన్నాడు? దీవించాడా?"

లోకాన్ కంబళి కొసతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఆయనకి మతి చలించినట్టుంది దొరా, నాకు ముక్క అర్థం కాలేదు. 'మీ అయ్య మా పందులు మేపుకుంటూ సుఖంగానే ఉన్నాడు, నువ్వు నా కొడుకువి కాదన్న సంగతి ఈ ఏడేళ్లూ దాచినట్టే ఇకమీదా దాచు' అన్నాడు."