తేలికైన బ్యాగు

బస్సు దిగేసరికి చీకటి పడింది. కొత్త దేశంలో నాకు మొట్టమొదట తెలిసింది దాని నిశ్శబ్దమే. దుకాణాల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. ఒక్క కుక్క కూడా మొరగలేదు. మా హాస్టలు మెట్ల దారికి పై చివర ఉందన్నారు. అక్కావాళ్ళ స్నేహితుల గుంపు చకచకా ఎక్కేసింది. ఎవరు ఎక్కడున్నారో చూసే ఓపిక నాకు లేదు. వీపు మీద బ్యాగుతో నడుం వంగిపోయి, అందరికంటే వెనక పడ్డాను.

"ఇల్లంతా మోసుకొచ్చావేంటే?" అని పైనుంచి అక్క నవ్వింది.

"మాటలకేం తక్కువ లేదు, ఓ చెయ్యి వెయ్యరాదూ?" అన్నాను.

సగం మెట్లెక్కాక బ్యాగు ఉన్నట్టుండి తేలికైంది. వెనకనుంచి ఎవరో అడుగున చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నారు. ఎయిర్‌పోర్టులో బావ ఇలాగే పట్టుకున్నాడు.

"హమ్మయ్య! ఈ గుంపులో మనసున్నది మీకొక్కరికే బావా," అన్నాను, తల తిప్పకుండానే.

మెట్ల మీద నా బూట్ల చప్పుడొక్కటే వినిపించింది. అయినా హాయిగా ఉండి కబుర్లు చెబుతూ ఎక్కాను. ఈ ఊరు నాకు నచ్చిందని కూడా చెప్పాను.

పైకి చేరగానే హాస్టలు తలుపు తెరుచుకుంది. లోపల తాళాల గుత్తితో బావ నిలబడి ఉన్నాడు.

"ఏం మరదలు పిల్లా, ఇంతసేపా? నేను అందరికంటే ముందొచ్చి గదులు కూడా చూసేశాను. నీ వెనక ఇంకెవరూ లేరుగా, తలుపేసేస్తున్నా."

నేను గడప దాటాను. బావ తలుపు మూసి గడియ పెట్టాడు.

బ్యాగు ఇంకా తేలిగ్గానే ఉంది.