హనుమాయమ్మగారి గోంగూర

సమ్రీన్‌కు పంపిన గోంగూర పచ్చడి రెండోసారి కూడా పోయిన రోజున, దొంగను పట్టుకుని తీరాలని తహసీన్ నిశ్చయించుకుంది.

పెద్దకూతురు సమ్రీన్ జర్మనీలో చదువుతోంది. అక్కడ కూరగాయలు కొనాలంటే ఆలోచించాలి, బయట తినాలంటే భయపడాలి. అందుకే నరసరావుపేటలో ఎవరు విమానమెక్కినా, వాళ్ల పెట్టెలో సగం ఇరుగుపొరుగు పిల్లల పచ్చళ్లే ఉంటాయి. మొదటిసారి పక్క వీధి హనుమాయమ్మ మనవడు వంశీ చేత పంపితే, విమానాశ్రయంలో తీసి పారేశారని సమ్రీన్ చెప్పింది. ఈసారి వంశీ చెల్లెలు భార్గవి చేత పంపితే, దారిలో డబ్బాలు పగిలాయంది.

పచ్చడి డబ్బాలు పగిలిన పెట్టెలోంచి తీసిన చుడీదార్ వేసుకుని, భార్గవి మర్నాడే ఫొటో పెట్టింది. దాని మీద ఒక్క నూనె మరక లేదు. తహసీన్ ఆ ఫొటోను పెద్దది చేసి మరీ చూసింది.

ఆమెకున్నది ఒక్కటే కోరిక. కూతురు వేడన్నంలో పచ్చడి కలుపుకుని నాలుగు ముద్దలు తింటుంటే వీడియో కాల్‌లో చూడాలి. ఏడాదిగా ఎప్పుడు ఫోన్ చేసినా పిల్ల మొహంలో దవడ ఎముకలే కనిపిస్తున్నాయి. అడిగితే, "ఇక్కడందరూ ఇట్టాగే ఉంటారమ్మీ, ఫ్యాషన్" అంటుంది.

ఆ సాయంత్రం చిన్నకూతురు షాహీన్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. జర్మనీలో ఉన్న తెలుగు పిల్లలకు ఎవరో ఇన్‌స్టాలో పచ్చళ్లు అమ్ముతున్నారు. పేజీ పేరు ‘హనుమాయమ్మగారి పల్నాటి గోంగూర’. ఫొటోలో డబ్బాల మూతల మీద గుడ్డలున్నాయి. అవి తహసీన్ తన చేత్తో కట్టినవే. భర్త షౌకత్ టైలరింగ్ షాపులో మిగిలిన జాకెట్టు ముక్కలు. అందులో ఒకటి సాక్షాత్తూ హనుమాయమ్మ జాకెట్టుది.

"పోలీస్ స్టేషన్‌కి పోదాం పదండి," అంది తహసీన్.

షౌకత్ మిషన్ తొక్కడం ఆపలేదు. "జర్మనీలో పోయిన పచ్చడికి ఇక్కడి ఎస్సై ఏం చేస్తాడే? సాక్ష్యానికి ఇంకో డబ్బా పట్టుకు రమ్మంటాడు."

తహసీన్ షాహీన్‌ను వెంటబెట్టుకుని హనుమాయమ్మ ఇంటికి వెళ్లింది. ఆమె వరండాలో కూర్చుని ఉంది.

"రావే తహసీనూ. మా వంశీగాడు జడేసుకునేట్టున్నాడే! అక్కడ ఒక్క క్షవరం డబ్బుల్తో ఇక్కడ బారసాల చెయ్యొచ్చంట."

"జుట్టు సంగతి తర్వాత, పెద్దమ్మా. ముందు నా పచ్చడి ఏమైందో చెప్పండి," అంటూ ఫోన్ ఆమె మొహం ముందు పెట్టింది.

హనుమాయమ్మ కళ్లజోడు సవరించుకుని కూడబలుక్కుని చదివింది. సిగ్గుపడాల్సిన మొహం కాస్తా వెలిగిపోయింది.

"ఓరి నాయనో, నా పేరు జర్మనీ దాకా పోయిందా!"

"మీకు గోంగూర ఉడకబెట్టడం కూడా రాదు గదా!"

"రాకపోతే ఏందే? పేరు చూసేగా కొనేది." అంతలోనే ఆమెకు అసలు సంగతి తట్టింది. "అంటే, మా పిల్లలు దొంగలంటావా? కోటయ్యసామి మీద ఒట్టు, వాళ్లట్టాంటోళ్లు కాదు. ఉండు, నీ ఎదురుగానే అడుగుతా."

భార్గవికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"నాయనమ్మా, క్లాసులో ఉన్నా."

"పచ్చడి ఏం చేశావే?"

"అది మాత్రం నన్నడగొద్దు," అని భార్గవి ఫోన్ పెట్టేసింది.

హనుమాయమ్మ తల దించుకుంది. తహసీన్‌కు ఆ పెద్దావిడను చూస్తే కొంచెం జాలేసింది. కానీ దవడ ఎముకలు గుర్తొచ్చి గుండె రాయి చేసుకుంది.

"షాహీన్, మారు పేరుతో మెసేజ్ పెట్టు. కొత్తగా వచ్చాను, రెండు డబ్బాలు కావాలి, రుచి ఎట్టా ఉంటదో చెప్పమని అడుగు. దొంగే వచ్చి వల్లో పడుద్ది."

షాహీన్ టకటకా టైపు చేసింది. ముగ్గురూ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. హనుమాయమ్మ పెదవులు కదులుతున్నాయి. మనవడో మనవరాలో, ఎవరి గొంతు వినాల్సొస్తుందోనని ఆమె భయం.

జవాబు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. షాహీన్ నొక్కింది. ఎక్కడో హోటల్ వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు, దాని వెనక గొంతు.

"చేతులు సబ్బులో ఉన్నాయక్కా, అందుకే వాయిస్ పెడుతున్నా. రుచికి నాది పూచీ, మా అమ్మీ చేసిందే," అంటోంది సమ్రీన్. "గది అద్దె కట్టాలి గదా, నేను మాత్రం ఇంకా తినలేదు."