ఎవరి జుట్టు?

తెల్లవారుజామున ఫెజ్ నగరంలోని మా రొట్టెల బట్టీలో కొత్త యజమాని జవాద్ పిండిలో ఏదో తెల్లపొడి కలిపాడు.

"సిస్టీన్, అల్లాల్ బాబాయ్. పిండిని బిగించి పట్టే గంధకపు ముడులు విప్పేస్తుంది. గంటసేపు పిసకక్కర్లేదు."

"దేన్నుంచి తీస్తారు?"

"మనుషుల జుట్టులోంచి. మంగలి షాపుల్లో ఊడ్చిందే."

నా ఒళ్లు మండిపోయింది. "నలభై ఏళ్లు ఈ చేతుల్తో పిసికాను. ఇప్పుడు జనానికి జుట్టు తినిపిస్తావట్రా? ఎవరిదిరా అది?"

"ఎవరిదైతే ఏంటి?" అని నవ్వి వెళ్లిపోయాడు.

పారేద్దామని పిండి మీది గుడ్డ ఎత్తాను. దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలు. అరచేత్తో చెరిపేశాను. చూస్తుండగానే మళ్లీ పడ్డాయి. గుడ్డ చేజారి పిండిని కప్పేసింది.

సందులో అలికిడి లేదు. గుడ్డ కింద మాత్రం తడిజుట్టు చిక్కు తీస్తున్న చప్పుడు. ఒక్క దువ్వెన కాదు, వందలు.

ఎవరిదైతే ఏంటన్నాడుగా! వచ్చి వాళ్లనే అడగమనండి.