పచ్చజెండా

"చూడమ్మా, పచ్చజెండా వాడు మళ్లీ మోసం చేసేడు," అంది రేచల్ ఫోను చూపిస్తూ.

పొద్దున్నుంచీ పిల్ల గది దాటలేదు. కంచంలో అన్నం అలాగే ఉంది. కృపావతి మంచం పట్టె మీద కూర్చుని ఆ రాజ్యాల ఆటకేసి చూసింది. ఒక రాజ్యం రేచల్‌ది. మిగతా మూడూ కంప్యూటరువే. పచ్చజెండాతో సంధి కుదిరింది. తీరా సభలో ఓటు దగ్గరకొచ్చేసరికి అది అడ్డం తిరిగింది.

"మాటిచ్చి అలా ఎందుకు చేస్తుందే?"

"భయమమ్మా. నేను పైకొస్తే తనని ఎక్కడ వదిలేస్తానో అని. దాని బుర్ర అలా పెట్టేరు."

కృపావతి అన్నం కంచం పిల్ల ముందుకు జరిపింది.

నిన్న ఇంట్లోనూ ఓటే జరిగింది. రేచల్‌కి మస్కట్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ మాట విన్ననాటి నుంచీ కృపావతికి కంటి మీద కునుకు లేదు. పాస్‌పోర్టు లాక్కుంటారట, గదిలో పెట్టి తాళం వేస్తారట. రేచల్ తండ్రి దేవదానం ఎటూ తేల్చలేక, "నలుగురం చీటీలు వేద్దాం. వెళ్లమంటే టిక్కు, వద్దంటే ఇంటూ. ఒక్క ఇంటూ వచ్చినా ఆ మాట మర్చిపోవాలి," అన్నాడు.

మూడు టిక్కులు. ఒక ఇంటూ.

నాన్న రేచల్ కళ్లముందే టిక్కు పెట్టాడు. అమ్మ తన టిక్కు విప్పి చూపించి మరీ డబ్బాలో వేసింది. ఇక మిగిలింది నాన్నమ్మ.

ఆ నాన్నమ్మే, సంతోషమ్మ, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ప్రభువు తోడు తల్లీ, నేను వెళ్లమనే గీసేను."

"ఆయ్. పచ్చజెండా కూడా అలాగే అంటుంది నాన్నమ్మా," అని గోడవైపు తిరిగింది రేచల్.

ముసలావిడ గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

"ఇక ఆవిడతో మాట్లాడనమ్మా. ఈ ఇంట్లో నాకు నువ్వొక్కదానివే."

అంతలో ఫోను మోగింది. ఉద్యోగం చూసిపెట్టినాయన. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

"నా నోటితో చెప్పలేను. నువ్వే చెప్పు," అంటూ రేచల్ దుప్పటి ముసుగేసుకుంది.

కృపావతి ఫోను తీసుకుంది.

"మా అమ్మాయి రాదండి. ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోలేదండి."

నిన్న చీటీ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "టిక్కంటే ఎలా ఉంటుందే కోడలా?" అని అత్తగారు అడిగితే, ఇంటూ గీసి చూపించింది కృపావతే.