వేరే డిస్కు

“ఏ డిస్కు తెరవమంటారు సార్?” కంప్యూటర్ ముందు కూర్చుంటూ అడిగింది, గరివిడిలో ఫ్లెక్సీలు వేసే స్వర్ణ.

ఆ ఒక్క కంప్యూటర్లో రెండు హార్డ్ డిస్కులు, దేని విండోస్ దానిదే. ఒకదాంట్లో ఎదురుగా నిలబడ్డ లీడరు అప్పలసూరి పార్టీ ఫ్లెక్సీలు, రెండోదాంట్లో ఎదుటి పార్టీవి. “ఆళ్ల మొకాల పక్కన నా మొకం ఉండకూడదు” అని ఎలక్షన్లకి ముందు పట్టుబట్టి విడగొట్టించింది అప్పలసూరే.

ఇప్పుడు అతని మెడలో కండువా రంగు మారింది.

“ఆ రెండోదే తియ్యి. నా ఫొటో అందులో ఎక్కించాల.”

“ఎక్కించక్కర్లేదు సార్, ఉన్నాది.”

తెర మీద కొత్త పార్టీ రంగుల్లో అప్పలసూరి చేతులు జోడించి నవ్వుతున్నాడు.

“ఇదెప్పుడు సేసినావు?”

“మీరు ఏరే డిస్కు పెట్టించిన రోజే సార్.”