పెరగని క్రిమి

మూడోసారి తీసిన ఎముక ముక్కలోనూ ల్యాబ్‌లో ఏ క్రిమీ పెరగలేదని డాక్టర్ ఇషిత చెప్పగానే శశికాంత్ ఊతకర్రను నేలకేసి కొట్టాడు.

"మడమ ఎముక పుచ్చిపోతోందని స్కాన్‌లో క్లియర్‌గా కనిపిస్తోంది కదా. ఆ బాక్టీరియా పేరేంటో రిపోర్ట్‌లో రాసివ్వండి చాలు. ఉత్త నొప్పే, షూలో ఇన్‌సోల్స్ వేసుకో అన్నాడే ఆ ఫస్ట్ డాక్టర్, వాణ్ణి స్యూ చేసి రోడ్డు మీదకి లాగుతా."

ఇదేదో అరుదైన రకం కావచ్చని, పేరు తెలిస్తే తప్ప సరైన మందు ఎక్కించలేనని ఇషిత చెప్పింది. ఇంకో రెండు నెలలు ఇలాగే గడిస్తే మడమ ఎముకే తీసేయాల్సి వస్తుందని కూడా దాచకుండా చెప్పింది. అతను పళ్లు నూరుతూ నర్సు వెంట రక్తపరీక్షకు వెళ్లాడు.

అతని భార్య త్రివేణి కిటికీ దగ్గర నిలబడి, అమెరికాలోని ఆ షామ్‌బర్గ్ ఊళ్లో ఆ ఏడు పడుతున్న మొదటి మంచును మురిపెంగా చూస్తోంది. ఆయన వాడే మందుల లిస్టు చూపించమని ఇషిత అడిగితే బ్యాగు తెరిచింది. కాగితంతో పాటు ఒక మాత్రల స్ట్రిప్ జారి బల్ల మీద పడింది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో వచ్చిన యాంటీబయాటిక్. సగం ఖాళీ.

ఇషితకు మూడు రిపోర్టులూ ఒక్కసారే అర్థమయ్యాయి. కోపం రాలేదు. వాళ్లమ్మ కూడా రెండు తుమ్ములు తుమ్మితే చాలు, ఇలాంటివే తెచ్చి మింగించేది.

"ఆయనకు ఇస్తున్నారా?"

"గోంగూర పప్పులో పొడి చేసి కలుపుతాను. ఆయనకి తెలీదు."

ముక్క తీసే ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ముట్టుకోవద్దని ఎందుకన్నదీ ఇషిత మళ్లీ ఓపిగ్గా వివరించింది. ఈ మాత్ర క్రిమిని చంపదు, ల్యాబ్‌కి దొరక్కుండా దాస్తుంది, అంతే. ప్రేమకొద్దీ చేసినా చేతులారా ఆయన్ని కుంటివాణ్ణి చేస్తున్నట్టే. ఈరోజు ఆపేస్తే నాలుగోసారి పేరు తెలుస్తుంది, మరికొన్ని వారాల్లో నడుస్తాడు.

త్రివేణి అంతా విని, స్ట్రిప్‌ను జాగ్రత్తగా మళ్లీ బ్యాగులో పెట్టుకుంది.

"మొదటిసారి మీరిది చెప్పాకే మొదలుపెట్టాను డాక్టర్ గారూ. నా కడుపులో బిడ్డ పోయింది ఆయన ఆ మడమతో తన్నిన దెబ్బకే."